కడలి కడుపున మండే మంచు

మా ఇంట్లో వంటగ్యాసు ఎప్పుడు అయిపోయినా పండుగనాడే అయిపోతుంది. ఈ దసరాకు కూడా ఆ ఆనవాయితీ తప్పలేదు. బూరెల మూకుడు పొయ్యి మీద ఉండగా మంట ఒకసారి ఎర్రబడి, రెండుసార్లు ఎగిరి, ఇక సెలవంటూ ఆరిపోయింది. మా ఆవిడ చిల్లుల గరిటె చేతబట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చి నా వంక ఒక చూపు చూసింది. ఆ చూపుకు తాత్పర్యం సంసారులైన పాఠకులకు నేను వేరే రాయనక్కరలేదు.

వసారాలో పడక్కుర్చీలో పత్రిక చదువుకుంటున్న మా మావగారు అదే అదనుగా గొంతు సవరించుకున్నారు.

"చూశారా అల్లుడుగారూ! మన కాకినాడకు ఎదురుగా సముద్రం అడుగున గ్యాసు మంచుగడ్డలై పడి ఉందిట. దేశానికి వందల ఏళ్ళు చాలుతుందిట. గంగాళం నట్టింట్లో పెట్టుకుని, వీధివీధీ తిరిగి చెంబెడు నీళ్ళు అడుక్కుంటున్నాం మనం!"

"మంచు మండుతుందా నాన్నా?" అని అడిగింది తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి.

నేను తెలుగు పంతుల్ని. నాకు తెలిసిన మంచు కావ్యాల్లో కురుస్తుంది, పువ్వుల మీద నిలుస్తుంది, పొద్దెక్కితే కరిగిపోతుంది. మండడం ఎన్నడూ ఎరగను. సముద్రంలో మండేది నేను చదివినంతలో బడబాగ్ని ఒక్కటే. ఆ మాటే అన్నాను. అయితే ఆ కథ చెప్పమన్నది పిల్ల. సిలిండరు వచ్చేదాకా నాకూ వేరే పని లేదు.

మహాభారతం ఆదిపర్వంలో ఔర్వుడనే ముని కథ ఉన్నది. ధనం కోసం క్షత్రియులు భృగువంశం వారిని ఊచకోత కోశారు. తల్లి తొడలో దాగి పుట్టిన ఆ బిడ్డడు పెద్దవాడై, లోకాలన్నిటినీ బూడిద చేసేటంత కోపం తెచ్చుకున్నాడు. పితృదేవతలు దిగివచ్చి వద్దు నాయనా అన్నారు. పుట్టిన కోపాన్ని మింగుదామంటే నన్నే కాలుస్తుంది, విడుద్దామంటే లోకం మిగలదు, ఏం చేయమంటారని అతనడిగాడు. సముద్రంలో విడిచిపెట్టమన్నారు వాళ్ళు. అదే గుర్రం ముఖంతో నీళ్ళలో ఉండే బడబాగ్ని అయింది.

"అదుగో! మనవాళ్ళు అప్పుడే చెప్పారన్నమాట," అన్నారు మావగారు, పత్రిక మడిచి.

నేను ఒప్పుకోలేదు. కథ మర్యాద కథది, శాస్త్రం మర్యాద శాస్త్రానిది. ఔర్వుడి కథ చెప్పినవారికి గ్యాసు సంగతి తెలియదు. వాళ్ళకు తెలిసింది కోపం సంగతి. రెంటినీ కలిపి ముడివేస్తే రెండూ చెడతాయి. కాని అమ్మాయి అడిగిన ప్రశ్న అలాగే ఉండిపోయింది. సెలవులు కాగానే కాలేజీలో మా కెమిస్ట్రీ మేష్టారిని పట్టుకున్నాను. ఆయన నాలుగు రోజుల పాటు, కాఫీ ఖర్చు నాది కాగా, నాకు చదువు చెప్పారు. ఆ పుస్తకం ఈ పుస్తకం ఇచ్చి చదివించారు. ఆ చదువు ఇది.

నీటి పంజరంలో చిలక

"మీకు పంజరం తెలుసుగదా మేష్టారూ? చిలకను పెట్టేది," అని మొదలుపెట్టారాయన.

నీరు గడ్డకట్టేటప్పుడు దాని అణువులు ఒకదాని చేయి ఒకటి పట్టుకుని వరుసలు కడతాయి. అది మామూలు మంచు. అయితే బాగా చల్లగా ఉండి, పైనుంచి బలమైన ఒత్తిడి పడుతూ, పక్కన మీథేను అనే వాయువు ఉన్నప్పుడు, అవే అణువులు వేరే రకంగా చేతులు కలుపుతాయి. మధ్యలో ఖాళీ వదిలి గదులు కడతాయి. 46 నీటి అణువులకు 8 గదుల వంతున ఏర్పడతాయి. రెండు చిన్నవి, ఆరు కాస్త పెద్దవి. ఒక్కో గదిలో ఒక్కో మీథేను అణువు చిలకలాగా చిక్కుకుని కూర్చుంటుంది. దీనికి హైడ్రేట్ అని పేరు. చూడడానికి తెల్లగా, మంచుముక్క లాగే ఉంటుంది. అగ్గిపుల్ల గీసి చూపిస్తే మాత్రం మీదనుంచి మంట లేస్తుంది, కిందనుంచి నీళ్ళు కారతాయి.

ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటున్నది. మన పంజరంలో చిలక ఎగిరిపోయినా పంజరం పంజరంగానే ఉంటుంది. ఈ పంజరం అలా కాదు. లోపల అతిథి ఉన్నంతవరకే ఇల్లు నిలుస్తుంది. అతిథి వెళ్ళిపోతే గోడలు కూలి నీరైపోతాయి.

ఆ గదులు ఎంత ఇరుకో తెలుసుకోవాలంటే ఒక లెక్క చాలు. ఒక ఘనపు మీటరు హైడ్రేట్ విడిపోతే సుమారు 164 ఘనపు మీటర్ల గ్యాసు బయటికి వస్తుంది. గొట్టాల గ్యాసు తెచ్చుకున్న ఇల్లు నెలకు 15 ఘనపు మీటర్లు కాలుస్తుందనుకుంటే, పెరట్లో నీళ్ళతొట్టి అంత మంచుగడ్డలో దాదాపు పదకొండు నెలల వంట ఉన్నట్టు. (మా మావగారి కోసం ఇక్కడ ఒక మాట. మన సిలిండరులో ఉండేది ఇది కాదు; అది ప్రొపేను, బ్యూటేను అనే వేరే వాయువులు. మీథేను వచ్చేది గొట్టాల్లో.)

ఇది నిన్న మొన్న తెలిసిన వస్తువేమీ కాదు. 1810లో లండనులో హంఫ్రీ డేవీ, క్లోరీను వాయువుతో ఇటువంటి మంచు కట్టడం గమనించాడు. వందేళ్ళకు పైగా అది శాస్త్రజ్ఞుల గాజుసీసాల్లో ముచ్చటగానే ఉండిపోయింది. 1934లో అమెరికాలో హామర్‌ష్మిట్ అనే ఆయన, గ్యాసు గొట్టాలు చలికాలంలో మూసుకుపోతున్నది మామూలు మంచువల్ల కాదు, హైడ్రేట్‌వల్ల అని కనిపెట్టాడు. అప్పటినుంచి ఇంజనీర్లకు అది శత్రువు. 1960లలో సోవియట్ శాస్త్రజ్ఞులు, సైబీరియాలో గడ్డకట్టిన నేల కింద ప్రకృతిలోనే ఇది ఉంటుందని చెప్పారు. దరిమిలా సముద్రాల అడుగున కూడా ఉన్నదని తేలింది. నిన్నటి శత్రువు నేటి నిధి అయింది!

గోదావరి మూటగట్టిన సొత్తు

మరి ఎండలు మండే మన తీరానికి ఈ మంచు ఎలా వచ్చింది?

సముద్రం పైన వెచ్చగా ఉంటుంది గాని, అడుగున ఉండదు. బంగాళాఖాతంలో వెయ్యి మీటర్ల లోతున నీరు ఆరేడు డిగ్రీల చలిలో ఉంటుంది. ఇంకా దిగితే ఇంకా చలి. ఒత్తిడి సంగతంటారా, ప్రతి పది మీటర్లకూ మన వాతావరణమంత బరువు ఒకటి పెరుగుతుంది. వెయ్యి మీటర్ల దిగువన మనం ఇక్కడ మోసే గాలి బరువుకు నూరురెట్లు పైన కూర్చుంటుంది. చలి ఉన్నది, ఒత్తిడి ఉన్నది. కావలసింది ఇక మీథేను.

అది తెచ్చింది మన నదులే. గోదావరి, కృష్ణ ప్రతి వరదకూ దున్నిన చేల మట్టి, కొట్టుకొచ్చిన ఆకూ అలమూ మోసుకుపోయి సముద్రంలో పోస్తున్నాయి. ఆ మట్టితోపాటు సముద్రంలో చచ్చిన జీవరాశి కూడా అడుగున పేరుకుంటుంది. గాలి చొరని ఆ బురదలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు దాన్నంతా తిని మీథేనును విడుస్తాయి. మన పేడగుంట గ్యాసు ఎలా పుడుతుందో అలాగే. కృష్ణా గోదావరీ లోతుల్లోని హైడ్రేట్‌లో ఉన్న మీథేను ముఖ్యంగా ఇలా పుట్టిందేనని పరీక్షల్లో తేలింది. మనం పారేసుకున్నామనుకున్నది నదులు మూటగట్టి దాచిపెట్టాయన్నమాట.

దీన్ని వెదకడానికి ఓడమీదనుంచి శబ్దతరంగాలు పంపి ప్రతిధ్వని వింటారు. మంచు ఉన్న పొర ఎక్కడ ఆగి, దానికింద విడి గ్యాసు ఎక్కడ మొదలవుతుందో, అక్కడ ప్రతిధ్వని గట్టిగా వస్తుంది. ఎందుకు ఆగుతుందంటే, ఇంకా కిందికి పోతే భూమి కడుపులోని వేడి మంచును నిలవనియ్యదు. అందుచేత హైడ్రేట్ కిందినుంచి వేడికీ, పైనుంచి సముద్రపు చలికీ మధ్య, కొన్ని వందల మీటర్ల పొరలో బందీగా ఉంటుంది.

ప్రతిధ్వని విని ఊరుకుంటే చాలదు, తవ్వి చూడాలి. 2006 ఏప్రిలు నుంచి ఆగస్టు దాకా 113 రోజులు, జోయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ మన సముద్రాల్లో 21 చోట్ల 39 రంధ్రాలు తొలిచింది. మన తీరం ఎదుట ఒకచోట 130 మీటర్ల మందాన హైడ్రేట్ కనిపించింది. ప్రపంచంలోనే ఘనమైన నిక్షేపాల్లో ఒకటని పేరుపడ్డది. కాని అది బంకమట్టి పగుళ్ళలో ఉన్నది. ఇక్కడే అసలు చిక్కు.

చిక్కేమిటో గోదావరి లంకల్లో పెరిగిన పిల్లవాడిని అడిగినా చెబుతాడు. ఇసుకలో చెలమ తవ్వితే నాలుగు దోసిళ్ళు తీసేలోగా నీరు ఊరుతుంది. బంకమట్టిలో తవ్వితే, మట్టి తడిగానే ఉంటుంది గాని నీరు బయటికి రాదు. గ్యాసుకూ అదే న్యాయం. అందుచేత 2015లో చికియు అనే జపాను ఓడ వచ్చి, మార్చి నుంచి జూలై దాకా 25 చోట్ల 42 రంధ్రాలు తొలిచింది. ఈసారి నదులు లోతుకు మోసుకుపోయిన ఇసుక పొరలనే గురిపెట్టారు. దొరికాయి! 2016 జూలైలో అమెరికా భూగర్భ సర్వే సంస్థ, హిందూమహాసముద్రంలో తీయడానికి వీలుండగల హైడ్రేట్ కనుగొనడం ఇదే మొదటిసారి అని ప్రకటించింది.

మావగారి పత్రికలోని వార్తకు మూలం ఇదే. మన దేశపు హైడ్రేట్‌లో 1894 లక్షల కోట్ల ఘనపు మీటర్ల గ్యాసు ఉండవచ్చునని ఒక అంచనా తరచు అచ్చవుతూ ఉంటుంది. అంచనా అన్న మాటను దయచేసి గమనించండి. అది ఉండవచ్చుననుకున్న మొత్తం, తీయగలిగినది కాదు. ఆకాశంలో ఉన్న మబ్బులన్నీ కొలిచి మన చెరువులో ఇంత నీరున్నదని చెప్పుకోవడం వంటిది. రెండు ఓడలూ వెదికి, కొలిచి, నమూనాలు తెచ్చాయి గాని, మన సముద్రంలోంచి గ్యాసు తీయలేదు.

తీయబోయినవాళ్ళు

తీసినవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళ కథ వినదగ్గది.

పంజరం తెరవడానికి మూడు దారులున్నాయి. ఒకటి, వేడినీళ్ళు పంపి కరిగించడం. కెనడా ఉత్తరపు కొసన మాలిక్ అనే చోట, 2002లో ఇది చేసి చూశారు. ఆ ప్రయత్నంలో జపాను, కెనడా, అమెరికా, జర్మనీలతోపాటు మన దేశం కూడా పాలుపంచుకున్నది. అయిదు రోజులకు వచ్చిన గ్యాసు 470 ఘనపు మీటర్లు. పొయ్యి ముట్టించడానికి పెట్టిన కట్టెలు, వండిన అన్నం కంటె ఎక్కువయ్యాయి.

రెండో దారి గోలీసోడా దారి. గోలీ నొక్కితే ఏమవుతుంది? లోపలి ఒత్తిడి తగ్గి గ్యాసు బుస్సున పొంగుతుంది. అలాగే బావి తొలిచి, అందులోని నీటిని పైకి తోడేస్తే, చుట్టూ ఉన్న పొరలో ఒత్తిడి తగ్గి, పంజరాలు వాటంతట అవే విచ్చుకుంటాయి. అదే మాలిక్‌లో 2008లో ఇలా చేస్తే, ఆరు రోజులకు 13,000 ఘనపు మీటర్లు వచ్చాయి. 2002తో పోలిస్తే ఎంత తేడా! అప్పటినుంచి అందరూ ఈ దారే పట్టారు.

మూడోది బొగ్గుపులుసు వాయువును లోపలికి పంపి, మీథేనును బయటికి రప్పించడం. అంటే ఇంట్లో అద్దెకున్నవాణ్ణి మార్చడం. ఇల్లు కూలకుండా మనిషి మారతాడు. 2012లో అలాస్కాలో దీన్ని పరీక్షించారు. ఉపాయం బాగుంది గాని, అది పెద్దయెత్తున పనికివచ్చేదాకా చాలా దూరం ఉన్నది.

సముద్రంలో మొట్టమొదట చేసి చూసినవారు జపానువారు. 2013 మార్చి 12న, నాన్‌కాయ్ అనే లోతైన ప్రాంతంలో, అదే చికియు ఓడమీదనుంచి నీరు తోడారు. గ్యాసు వచ్చింది. ఓడ వెనుక మంట లేచింది. చూస్తున్నవారి సంతోషం ఊహించుకోండి. ఇంధనమంతా పరదేశాలనుంచి కొనుక్కునే దేశం అది. ఆరో రోజున బావిలోకి ఇసుక కొట్టుకొచ్చింది. పని ఆగిపోయింది. అప్పటికి సుమారు 1,20,000 ఘనపు మీటర్ల గ్యాసు వచ్చింది.

ఎందుకు వచ్చింది ఇసుక? ఆ పొరలో ఇసుక రేణువులను ఒకదానికొకటి పట్టి ఉంచుతున్నది మంచే. సున్నం ఇటుకలను పట్టినట్టు పట్టి ఉంచుతున్నది. మనం తీయదలచుకున్నదే అక్కడి గోడకు సున్నం! అది తీసిన కొద్దీ గోడ మనమీదికే వస్తుంది. నాలుగేళ్ళు ఆలోచించి 2017లో మళ్ళీ వెళ్ళారు. మొదటి బావిలో పన్నెండు రోజులకు మళ్ళీ ఇసుకే. రెండో బావికి జల్లెడ అమరిక మార్చి పెట్టారు. అది 24 రోజులు నడిచి రెండు లక్షల ఘనపు మీటర్లిచ్చింది.

అదే 2017లో చైనావారు, తమ దక్షిణ సముద్రంలో షెన్హు అనే చోట, సన్నటి ఒండ్రుమట్టిలోంచే 60 రోజులు గ్యాసు తీశారు. మూడు లక్షల ఘనపు మీటర్లు దాటింది. 2020లో బావిని నిలువుగా దించి, పొరలో అడ్డంగా నడిపించి, 30 రోజులలో 8,61,400 ఘనపు మీటర్లు తీశారు. నెలకు 15 చొప్పున కాల్చే ఇళ్ళ లెక్కన చూస్తే, అది యాభై ఏడు వేల ఇళ్ళ నెల వంట. గొప్పే. కాని దానికోసం నడిసముద్రంలో నిలబెట్టిన ఓడనూ, యంత్రాలనూ, మనుషులనూ తలుచుకుంటే, ఆ అన్నం ఇంకా ఖరీదైన అన్నమే. పైగా మరో చిక్కున్నది. పంజరం విచ్చుకునేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది. అందుచేత తీసేకొద్దీ పొర చల్లబడి, వచ్చేది మందగిస్తుంది. సముద్రపు హైడ్రేట్‌ను ఏ దేశమూ ఇంతవరకు వ్యాపారంగా తీయడం లేదు.

నా భయం

ఇంతవరకు విన్న తరువాత నేను కెమిస్ట్రీ మేష్టారితో ఒక మాట చెప్పాను. "అది అక్కడే ఉండనివ్వండి మేష్టారూ. తీయవద్దు."

అలా అనడానికి నాకు కారణం ఉన్నది. 1995 సంక్రాంతి సెలవులకు నేను కోనసీమలో అమ్మమ్మగారింట్లో ఉన్నాను. నాకప్పుడు పదమూడేళ్ళు. జనవరి 8న పాశర్లపూడి దగ్గర తొలుస్తున్న గ్యాసుబావి ఒకటి అదుపు తప్పి అంటుకున్నది. మా ఊరు నదికి ఇవతలి ఒడ్డున. కొబ్బరిచెట్ల తలలమీదుగా ఆకాశానికి లేచిన ఆ మంట నాకు నేటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. దానికంటె దాని చప్పుడు. రేయింబగళ్ళు ఒకటే హోరు. ఎప్పటికీ దాటిపోని రైలుబండి హోరు. రాత్రి చీకటి పడేది కాదు. పక్షులు వేళ తెలియక అర్ధరాత్రి కూసేవి. బావి దగ్గరి ఊళ్ళవాళ్ళు పశువులను తోలుకుని, పిల్లలను చంకనేసుకుని బంధువుల ఇళ్ళకు చేరారు. భోగినాడు తెల్లవారుజామున మా వీధి పిల్లలం పిడకలు, దుంగలు పోగేసి మంట వేశాం గాని, ఎవరూ దానివంక చూడలేదు. అందరి ముఖాలూ అటే ఉన్నాయి. "భూదేవికి కడుపు మండిందిరా అబ్బాయ్," అన్నది అమ్మమ్మ. ఆ మంట ఆరేసరికి రెండు నెలలు దాటింది.

2014 జూన్ 27న ఆ దాపునే, నగరం అనే పల్లెలో, గ్యాసు గొట్టం పగిలి తెల్లవారుతూనే మంటలు లేచి ఇరవైమందికి పైగా చనిపోయారు. మా వైపువారికి గ్యాసంటే పొయ్యి ఒక్కటే గుర్తుకు రాదు.

కెమిస్ట్రీ మేష్టారు నన్ను తీసిపారేయలేదు. కొంచెంసేపు ఊరుకుని, "మీ భయం నిజమే. కాని అది వేరే భయం," అన్నారు.

పాశర్లపూడిలో ఉన్నది విడి గ్యాసు. భూమి లోతుల్లో మహా ఒత్తిడిమీద, మూత తీస్తే చాలునన్నట్టు కాచుకున్న గ్యాసు. హైడ్రేట్ అలా కాదు. దాన్ని నీరు తోడి తోడి బతిమాలి రప్పించుకోవాలి. తోడడం మానితే అదీ మందగించి ఆగుతుంది. బావి చుట్టూ ఉన్న మంచంతా ఒక్కసారిగా పేలిపోవడమనేది జరిగే పని కాదు. అంత లోతున చిన్నగా ఊరే మీథేను బుడగలు పైకి వచ్చేలోగానే చాలావరకు నీళ్ళలో కలిసిపోతాయి, సూక్ష్మజీవులు తినేస్తాయి.

"మరి భయపడవలసిందేమీ లేదా?" అన్నాను.

ఉన్నదన్నారు. ఒకటి, పునాది భయం. గోడకు సున్నం వంటి మంచును తీస్తే సముద్రపు నేల కుంగవచ్చు. ఏటవాలు చోట అయితే జారవచ్చు. ఎనిమిది వేల ఏళ్ళ కిందట నార్వే ఎదుట స్టోరెగ్గా అనే చోట సముద్రపు నేల పెద్దయెత్తున జారి, స్కాట్లండుదాకా ఉప్పెన తాకింది. దానికి హైడ్రేట్ కారణమని ఒకప్పుడు గట్టిగా అనుమానించారు. మెత్తని మట్టి త్వరత్వరగా పేరుకోవడం, భూకంపం ముఖ్యకారణాలని తరువాతి పరిశోధకుల్లో చాలామంది అభిప్రాయం. కాని కొండవాలుమీద తవ్వేవాడు ముందు వాలును చూసుకోవాలన్న నీతి మాత్రం మిగిలింది.

రెండోది, గాలిలో కలిసే మీథేను. నూరేళ్ళ లెక్కన చూస్తే అది బొగ్గుపులుసు వాయువుకు 28 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. ఇరవై ఏళ్ళ లెక్కన చూస్తే 80 రెట్లు. బావినుంచి, గొట్టాలనుంచి, ఓడనుంచి కారిపోతే లాభమంతా దండగ. కాల్చినా బొగ్గుకంటె తక్కువే గాని, పొగ పొగే. 2070 నాటికి పొగల పద్దు సరిచేస్తానని లోకానికి మాటిచ్చిన దేశం మనది.

మూడోది, ఈ మంచుకున్న మొండితనం. 2010లో మెక్సికో అఖాతంలో నూనెబావి పేలి పదకొండుమంది చనిపోయి, సముద్రంలోకి నూనె చిమ్ముతుంటే, దానిమీద బోర్లించడానికి నూరు టన్నుల ఉక్కు గోపురం ఒకటి 1,500 మీటర్ల లోతుకు దించారు. దించగానే లోపల గ్యాసు, చల్లని నీరు కలిసి హైడ్రేట్ కట్టి, పైన గొట్టం మూసుకుపోయింది. గోపురం తేలబోయింది. చేసేది లేక పక్కన పెట్టేశారు. మనం రమ్మన్నప్పుడు రాక, వద్దన్నప్పుడు వచ్చి కూర్చునే చుట్టం ఇది.

దొరకడం, దక్కడం

ఈ సంగతులు క్లాసులో ఒకనాడు బడబాగ్ని ప్రస్తావన వచ్చి చెప్పాను. వెనుక బెంచీ కుర్రవాడొకడు లేచాడు. ఉప్పాడ దాపున బెస్తపల్లె వాడిది. సాధారణంగా నోరెత్తడు.

"మాస్టారండి, మా నాన్న పెద్దచేపల వేటకి లోతు సముద్రంలోకి ఎళ్తారండి. అక్కడ తవ్వితే మా చేపలేమవుతాయండి? ముందు మాకు చెప్తారాండి?"

మొదటి ప్రశ్నకు నాకు తెలిసినంత చెప్పాను. హైడ్రేట్ ఉన్న చోటు వాళ్ళ గేలాలకు అందని లోతున ఉంటుంది. అలాగని అది చచ్చిన చోటు కాదు. 1997లో మెక్సికో అఖాతంలో ఈ మంచులోనే గుంటలు చేసుకుని బతికే పురుగులను చూశారు. మన కృష్ణా గోదావరీ లోతుల్లో కూడా, మీథేను ఊరే చోట దాన్ని ఆధారం చేసుకున్న జీవరాశిని గోవా సముద్రశాస్త్ర సంస్థవారు కనుగొన్నారు. తోడిన నీరు ఎక్కడ వదులుతారు, ఓడలు నిలిచినన్నాళ్ళూ పడవలను ఎంత దూరం ఆపుతారు అన్నవి అడగవలసిన ప్రశ్నలే అన్నాను.

రెండో ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. 1995లో మా అమ్మమ్మకు ఆ బావి సంగతి ఎవరూ ముందు చెప్పలేదు. మంటే వచ్చి చెప్పింది.

నేనిప్పుడు తీయవద్దనడం లేదు. దేశం కాల్చే గ్యాసులో దాదాపు సగం పరదేశాలనుంచి కొని తెచ్చుకుంటున్నప్పుడు, మన నదులు దాచిన సొత్తును తెలుసుకోవద్దనడం మూర్ఖత్వం. ఓడలకూ, పరిశోధనకూ, ఒక చిన్న బావితో మొదలుపెట్టి అయిదేళ్ళు ఓపికగా గమనించడానికీ డబ్బు ఖర్చుపెట్టవలసిందే. కాని దొరకడం వేరు, దక్కడం వేరు. ఈ రెంటి మధ్య ఉన్న దూరాన్ని పత్రికలవాళ్ళు ఒక్క శీర్షికలో దాటేస్తారు. జపానువారికి రెండు బావుల ఇసుక పట్టింది. ఔర్వుణ్ణి పితృదేవతలు అగ్నిని ఆర్పమనలేదు, చోటు చూసి ఉంచమన్నారు. ఉన్నచోటునుంచి తీసేవాడికి అంతకు తక్కువ ఆలోచన చాలదు.

మొన్న ఆదివారం, దసరాకు బాకీపడ్డ బూరెలు మా ఆవిడ మళ్ళీ మొదలుపెట్టింది. సిలిండరు నిండుగా ఉన్నది. మావగారు పడక్కుర్చీలోంచి, "అయితే ఆ సముద్రం గ్యాసు నా కాలంలో రాదంటారు," అన్నారు కొంచెం దిగులుగా.

"మీ మనవరాలి కాలంలో రావచ్చునండీ."

మనవరాలు అప్పటికే వంటింట్లో ఉన్నది. నూనెలోంచి బూరెలు తేలుస్తున్న తల్లి పక్కన నిలబడి, చిల్లుల గరిటెనే రెప్పవాల్చకుండా చూస్తున్నది.

"నాన్నా, చిల్లులు మరీ చిన్నవైతే ఇసుక రాదు. గ్యాసూ రాదు. మరీ పెద్దవైతే రెండూ వస్తాయి. ఎంత ఉండాలో వాళ్ళకెలా తెలిసింది?"

"ఒక బావి చెడిపోతే తెలిసింది," అన్నాను.

పిల్ల గరిటె తీసుకుని వెలుతురుకెత్తి చిల్లులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"లెక్కలు తరవాత. ముందు నా గరిటె ఇటియ్యి, బూరెలు మాడుతున్నాయి," అన్నది మా ఆవిడ.